హల్క్ 181కి 5.5 ఇచ్చారు, నోట్స్‌లో రాసిన నీటి మరక నేను పంపినప్పుడు లేదు. ఎలా అడగాలి?

హల్క్_ఆస్టిన్:

అందరికీ నమస్తే. నేను టెక్సాస్‌లో ఉంటాను, పాత మార్వెల్ కామిక్స్ సేకరించడం చదువుకునే రోజుల నుంచీ ఉన్న పిచ్చి. పోయినేడాది మా ఊళ్లో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన పెట్టెలు అమ్మేస్తుంటే వాటిలో ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 దొరికింది. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట, ఇది 1974 నవంబర్ తేదీ వేసిన సంచిక. వుల్వరీన్ పూర్తిగా కనిపించే మొదటి కథ ఇదే, దీనికి ముందు 180లో చివరి ప్యానెల్‌లో ఒక్కసారి తల చూపిస్తాడు, అంతే. అప్పట్లో 25 సెంట్లకు అమ్మిన పుస్తకం. ఇప్పుడు దీని ధర ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు.

గ్రేడ్ చేయకుండా, అంటే కంపెనీ చేత పుస్తకం స్థితికి పదిలో ఇంత అని నంబర్ వేయించి ప్లాస్టిక్ పెట్టెలో (స్లాబ్) సీలు చేయించకుండా, విడిగా ఉన్న కాపీనే కొన్నాను. కిటికీ వెలుతురులో పెట్టి పేజీ పేజీ చూశాను. స్పైన్ (పుస్తకం వెన్ను) మీద, ముఖ్యంగా కింద స్టేపుల్ చుట్టుపక్కల, రంగు ఊడిన టిక్స్, అంటే చిన్న గీతలు, కొన్ని ఉన్నాయి. ముందు అట్ట కింద ఎడమ మూలలో సన్నటి మడత ఉంది, అక్కడా రంగు విరిగింది. స్టేపుల్స్‌కి తుప్పు లేదు, ఉత్తరాల పేజీలో మార్వెల్ అచ్చువేసిన బొమ్మ స్టాంప్ కత్తిరించకుండా అలాగే ఉంది, పేజీలు తెల్లగా కాకపోయినా శుభ్రంగా ఉన్నాయి. నా లెక్కలో 7.0, గ్రేడర్ మంచి మూడ్‌లో ఉంటే 7.5. అట్ట కొంచెం వంపు తిరిగి ఉందని ప్రెస్సింగ్ చేసే (వేడి, ఒత్తిడితో సాపు చేసే) ఒకాయనకు పంపాను, పని అయ్యాక ఆయనే నేరుగా గ్రేడింగ్ కంపెనీకి పంపారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, విషయం తేలలేదు కాబట్టి.

5.5 వచ్చింది. నంబర్ చూడగానే గుండె జారిపోయింది, సరే గ్రేడర్లు లోపాలు రాసే నోట్స్ చూద్దామని తెరిచాను. స్పైన్ గీతలు, మూల మడత నాకు తెలిసినవే. మూడోది మాత్రం వెనక అట్ట అడుగున తేలికపాటి నీటి మరక అని ఉంది. నేను పంపేముందు తీసిన ఫొటోల్లో వెనక అట్ట అడుగు భాగం శుభ్రంగా ఉంది. ఇప్పుడు స్లాబ్ తిప్పి చూస్తే అడుగున, కుడివైపు, బొటనవేలి వెడల్పున లేత గోధుమరంగు గీత వంకరగా కనిపిస్తోంది. కంపెనీకి ఫోన్ చేస్తే గ్రేడ్ అనేది మా గ్రేడర్ల అభిప్రాయం, మళ్లీ చూడాలంటే ఫీజు కట్టి మళ్లీ పంపండి అన్నారు. నా ప్రశ్న ఏమిటంటే, ఫీజు కట్టకుండా దీన్ని ప్రశ్నించే దారి ఉందా? స్లాబ్ పగలగొట్టి ఇంకోచోటికి పంపడం నయమా? ఇలాంటి గొడవలో ఎవరైనా గెలిచారా?

ఆదివారం_సంచిక:

బ్రో, నేనైతే పగలగొట్టేస్తాను. 9.6 వచ్చిన పుస్తకాలు బయటికి తీసి మళ్లీ ప్రెస్ చేయించి 9.8 తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు, ఇదేమీ కొత్త కాదు. ఒకే పుస్తకానికి ఈ రోజు ఒక నంబర్, ఆరు నెలల తర్వాత ఇంకో నంబర్ ఇస్తారు. కస్టమర్ సర్వీస్‌తో వాదించడం టైమ్ వేస్ట్, వాళ్లు ఫోన్‌లో చెప్పేది ఎప్పుడూ ఆ ఒక్క మాటే. ఫీజు ఎలాగూ కట్టాల్సిందే కదా, ఇంకో కంపెనీకి పంపితే కనీసం కొత్త కళ్లతో చూస్తారు.

లాంగ్‌బాక్స్_ఎన్‌జే:

హల్క్_ఆస్టిన్ గారూ, దయచేసి స్లాబ్ పగలగొట్టొద్దు. పై సలహా 9.6 పుస్తకానికి పనికొస్తుందేమో, మీ విషయంలో అసలుకే ఎసరు. మీ చేతిలో ఉన్న ఒకే ఒక సాక్ష్యం సీలు వేసిన ఆ పెట్టే. మరక సీలు లోపల ఉంది, అంటే వాళ్లు సీలు వేసే సమయానికే ఉంది, ఆ సంగతి వాళ్ల నోట్స్‌లోనే రాసి ఉంది కాబట్టి ఎవరూ కాదనలేరు. పెట్టె తెరిచిన మరుక్షణం అది మీరు చేసిన మరకో, ఎవరు చేసిన మరకో తేల్చడం ఎవరి తరమూ కాదు.

నేను న్యూజెర్సీలో ఒక కామిక్ షాప్‌లో వారాంతాల్లో పనిచేస్తాను, షాప్ తరఫున సబ్మిషన్లు ప్యాక్ చేసేది నేనే, వచ్చిన గ్రేడ్ నచ్చక కస్టమర్లు నా మీద అరవడం కూడా అలవాటే. అందుకే ముందు ఒకటి తేల్చుకోండి. మీకు రెండు గొడవలు ఉన్నాయి, మీరు వాటిని కలిపి ఒకటిగా అడుగుతున్నారు.

ఒకటి, 5.5 తక్కువ అన్నది. ఇది అభిప్రాయం గొడవ. ఈ కంపెనీలు తమ పద్ధతి గురించి చెప్పేదాని ప్రకారం పుస్తకం రాగానే లెక్క చూసి నమోదు చేస్తారు, పేజీలు పూర్తిగా ఉన్నాయా, ఎక్కడైనా రంగు వేశారా, జిగురు పెట్టారా అని చూస్తారు, తర్వాత ఒకరికి మించి గ్రేడర్లు విడివిడిగా చూసి నంబర్ ఇస్తారు, చివరికి ఒకరు ఖాయం చేస్తారు. పుస్తకం ఎవరిదో వాళ్లకు తెలియదు. మీరు ఒప్పుకుని సంతకం పెట్టిన నిబంధనల్లోనే గ్రేడ్ అభిప్రాయం మాత్రమే అని ఉంటుంది, చదివి చూడండి. 0.5 నుంచి 10 వరకు ఉన్న ఈ స్కేల్‌లో 5.5కీ 6.0కీ మధ్య గీత ఎక్కడ పడుతుందో ఇద్దరు అనుభవజ్ఞులు కూడా ఒకేలా చెప్పరు. ఆ వాదన మీరు గెలవరు. గెలవాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకో కింద రాస్తాను.

రెండోది, పుస్తకం పంపినప్పుడు లేని దెబ్బ ఇప్పుడు ఉంది అన్నది. ఇది వాస్తవం గొడవ. మరక ఉందా లేదా, ఏ తేదీకి లేదు, ఏ తేదీకి ఉంది, మధ్యలో పుస్తకం ఎవరెవరి చేతుల్లో ఉంది. దీనికి గ్రేడర్ అభిప్రాయంతో పని లేదు. మీరు ఫోన్‌లో "5.5 ఎలా ఇచ్చారు" అని మొదలుపెట్టి ఉంటారు, వాళ్లు మొదటి గొడవకు ఇచ్చే సమాధానం చదివి పెట్టేశారు. మరక సంగతి వాళ్ల చెవికి ఎక్కనేలేదు. దీనికి ఫోన్ కాదు, రాతపూర్వకంగా అడగాలి.

ఇక మూడో రకం ఇంకోటి ఉంది, మీది కాదు గానీ చదివేవాళ్ల కోసం. లేబుల్ మీద సంచిక నంబర్ తప్పు, సంవత్సరం తప్పు, కామిక్ షాపులకు వెళ్లిన డైరెక్ట్ ఎడిషన్‌ను పత్రికల దుకాణాలకు వెళ్లిన న్యూస్‌స్టాండ్ కాపీ అని రాయడం, ఇలాంటివి యాంత్రికమైన తప్పులు. వీటిని గడువు లోపల చెబితే సాధారణంగా మారు మాట్లాడకుండా సరిచేస్తారు. స్లాబ్ ఇంటికి రాగానే గ్రేడ్ చూసి మురిసిపోయి అరలో పెట్టేయకుండా లేబుల్ మీద ప్రతి అక్షరం చదవాలి.

ఇప్పుడు కొన్ని ప్రశ్నలు. ప్రెస్సింగ్ అయ్యాక తీసిన ఫొటోలు ఉన్నాయా? మీ ఫొటోలు ప్రెస్సర్‌కు పంపకముందువి కదా, అక్కడే కంపెనీ మీ మాట ఆపేస్తుంది. ప్రెస్సింగ్ అంటే వేడి, తేమ, ఒత్తిడి. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే పుస్తకం చక్కగా సాపు అవుతుంది, తేమ ఎక్కువైతే పేజీలు అలలు తిరుగుతాయి, స్టేపుల్ తుప్పు పడుతుంది. కాబట్టి ముందు ఆయన్ని అడగాలి. మంచి ప్రెస్సర్ ఎవరైనా ముందూ వెనకా ఫొటోలు తీసి పెట్టుకుంటారు.

కోస్తా_కాగితం:

విశాఖ నుంచి. నా దగ్గర స్లాబ్‌లు లేవు, ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథ, పాత చందమామలు ఉన్నాయి. కానీ నీటి మరకల గురించి ఈ సముద్రపు ఊళ్లో ఉండేవాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

గోధుమరంగు గీత ఉంటే అది పాత మరక, కొత్తదైతే గీత ఉండదు అని చాలామంది నమ్ముతారు. కంపెనీ వాళ్లు కూడా మీతో ఈ మాట అనే అవకాశం ఉంది, పాతదే, మీరు గమనించి ఉండరు అని. ఆ నమ్మకం తప్పు. ఏళ్ల తరబడి కాగితం పాడవుతూ దానిలో పసుపు పదార్థం తయారవుతుంది, అది నీళ్లలో కరుగుతుంది. తడి ఎక్కడిదాకా పాకిందో అక్కడిదాకా దాన్ని మోసుకెళ్లి, ఆరేటప్పుడు ఆ అంచున వదిలేస్తుంది. 50 ఏళ్ల న్యూస్‌ప్రింట్‌లో ఈ పదార్థం బోలెడంత ఉంటుంది కాబట్టి నిన్న తడిసి ఇవాళ ఆరినా గీత పడుతుంది. మా ఇంట్లో వాన జల్లు కొట్టిన 1970ల నాటి ఇంద్రజాల్ ఒకటి ఫ్యాన్ కింద ఆరబెడితే సాయంత్రానికే అంచున టీ రంగు గీత తేలింది, లోపలి పేజీలో ఫాంటమ్ గుర్రం కాళ్ల మీదుగా పోతుంది ఆ గీత, ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకోటి. అమెరికా కామిక్ అట్ట నున్నటి కాగితం, లోపల న్యూస్‌ప్రింట్. నీళ్లు అడుగు నుంచి పీల్చుకుంటే నున్నటి అట్ట కంటే లోపలి పేజీలే ఎక్కువ తాగుతాయి. అట్ట మీద మీకు బొటనవేలంత కనిపిస్తుంటే చివరి పేజీల్లో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. నోట్స్‌లో లోపలి పేజీల తడి గురించి ఏమైనా రాశారా? రాయకపోతే, మరక అట్టకే పరిమితం అయితే, అది పైనుంచి పడిన చుక్కలాంటిది అయి ఉండొచ్చు, పార్సెల్ తడిసినది కాకపోవచ్చు. ఈ తేడా మీకు పనికొస్తుంది.

పాతకాపీ_హైదరాబాద్:

స్లాబ్‌లో ప్లాస్టిక్ అట్టకు తగిలినచోట ఇంద్రధనుస్సు లాంటి వలయాలు వస్తాయి, న్యూటన్ రింగ్స్ అంటారు. కొంతమంది వాటిని మరక అనుకుని కంగారు పడతారు. స్లాబ్‌ని కొంచెం వంచి లైట్ కింద తిప్పి చూడండి, గీత కదిలితే అది ప్లాస్టిక్ ఆటే. నోట్స్‌లోనే రాశారు కాబట్టి ఇది నిజం మరకే కావచ్చు, అయినా ఒకసారి చూడటంలో నష్టం లేదు.

హల్క్_ఆస్టిన్:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. లైట్ కింద తిప్పి చూశాను, గీత కదలడం లేదు, రంగులు లేవు, అది కాగితం మీద ఉన్నదే. నోట్స్‌లో లోపలి పేజీల గురించి ఒక్క ముక్క లేదు, పేజీ క్వాలిటీ ఆఫ్‌వైట్ టు వైట్ అని ఇచ్చారు.

ప్రెస్సర్‌కు రాత్రి మెసేజ్ పెట్టాను. పొద్దునకల్లా ఫొటోలు పంపారు. మనిషి పద్ధతైనవారు, ముందు తీసినవి, ప్రెస్ నుంచి తీశాక తీసినవి, చివరికి మైలార్ (పారదర్శక ప్లాస్టిక్) సంచిలో బోర్డుతో పెట్టేముందు రెండు వైపులా తీసినవి కూడా ఉన్నాయి. సంచిలో పెట్టేముందు తీసిన ఫొటోలో వెనక అట్ట అడుగు శుభ్రంగా ఉంది. ఫొటో ఫైల్‌లో తేదీ కూడా ఉంది, పార్సెల్ లేబుల్ వేసిన రోజే తీశారు. అంటే ఆయన బల్ల మీద జరగలేదు. పార్సెల్‌లో గానీ, కంపెనీలో గానీ జరగాలి. ఇప్పుడు నిజంగానే కోపం వస్తోంది.

స్పైన్‌టిక్:

కోపం పక్కన పెట్టి తారీఖులు ఒక కాగితం మీద రాయండి అన్నా. నేను సరుకు రవాణా బీమా క్లెయిమ్‌లు చూసే ఆఫీసులో చేస్తాను, కామిక్ అయినా ఫ్రిజ్ అయినా క్లెయిమ్ నడిచే దారి ఒక్కటే. వస్తువు చెయ్యి మారిన ప్రతిచోటా పరిస్థితి ఏమిటి అన్నది చూస్తారు. మీ దగ్గర నుంచి ప్రెస్సర్‌కు, ప్రెస్సర్ నుంచి పోస్టుకు, పోస్టు నుంచి కంపెనీ రిసీవింగ్‌కు, అక్కడి నుంచి గ్రేడర్ల బల్లలకు, తర్వాత సీలింగ్‌కు. ఇందులో ప్రెస్సర్ దాకా మీకు ఫొటో ఉంది. మిగిలింది రెండు చోట్లు.

పార్సెల్ తడిసి వచ్చి ఉంటే రిసీవింగ్‌లో విప్పినవాళ్లు తప్పకుండా రాసి ఉండాలి, పెట్టె తడిగా ఉంది, దెబ్బతిని వచ్చింది అని. చాలా చోట్ల అలాంటి పార్సెల్‌ను పక్కన పెట్టి పంపినవాళ్లకు చెబుతారు కూడా. వాళ్లు మీకు చెప్పలేదు, ప్రెస్సర్‌కూ చెప్పలేదు అనుకుంటున్నాను, ఇది ఖాయం చేసుకోండి. పైగా మైలార్ సంచిలో ఉన్న పుస్తకం తడవాలంటే సంచి మూతలోంచి నీళ్లు రావాలి, అప్పుడు బోర్డు ముందు తడుస్తుంది, పై కోస్తా_కాగితం గారు చెప్పినట్టు లోపలి పేజీలు తాగుతాయి. లోపలి పేజీల మాట నోట్స్‌లో లేదు. నేను క్లెయిమ్ చూసే మనిషినైతే పార్సెల్‌లో తడిసింది అన్న మాటను తేలిగ్గా నమ్మను. అలాగని కంపెనీలోనే జరిగిందని మీరు రాయొద్దు, అది మీకు తెలియదు. మీకు తెలిసింది ఫలానా తేదీకి మరక లేదు, సీలు వేసేసరికి ఉంది అని, అంతవరకే రాయండి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, పోస్టు బీమాకు గడువు ఉంటుంది, కంపెనీ సమాధానం కోసం కూర్చుంటే అది దాటిపోతుంది, అందుకని ప్రెస్సర్ చేత ఈ రోజే పోస్టు వాళ్లకు కూడా క్లెయిమ్ పెట్టించండి, పంపినవారు ఆయనే కాబట్టి ఆయన పేరు మీదే పోవాలి. రెండు, సబ్మిషన్ ఫారంలో విలువ ఎంత అని రాశారో చూడండి. ఫీజు తగ్గుతుందని చాలామంది తక్కువ విలువ రాస్తారు, పరిహారం మాట వచ్చినప్పుడు సాధారణంగా ఆ అంకె దాటి ఎవరూ ఇవ్వరు.

ఆదివారం_సంచిక:

సరే, మరక విషయంలో నేను ఒప్పుకుంటాను, పెట్టె తెరవకపోవడమే కరెక్ట్. కానీ నాకు అర్థంకానిది ఒకటి, ఈ కంపెనీలకి ఇంత అధికారం ఎవరిచ్చారు? నా పుస్తకానికి నేను డబ్బు కట్టి, వాళ్ల నంబర్‌కి నేను తలవంచాలా? దెబ్బ తగిలినా నేనే రుజువు చేయాలా?

లాంగ్‌బాక్స్_ఎన్‌జే:

కొనేవాళ్లు ఇచ్చారు. 1970లో ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం వచ్చాక అందరికీ ధర తెలిసింది గానీ, పుస్తకం స్థితిని చెప్పే గుడ్, ఫైన్, మింట్ అనే మాటలకు ఎవరి అర్థం వాళ్లది. అమ్మేవాడి మింట్ కొనేవాడి చేతికొచ్చేసరికి ఫైన్ అయ్యేది. మెయిల్‌లో కొన్న పుస్తకానికి రంగు పెన్ను పూసి ఉందని, అట్ట అంచు కత్తిరించి ఉందని ఏళ్ల తర్వాత తెలిసేది. 2000లో సీజీసీ అనే గ్రేడింగ్ కంపెనీ వచ్చాక సంబంధం లేని మూడో మనిషి చూసి సీలు వేసే పద్ధతి మొదలైంది, రంగు పూసిన పుస్తకానికి ఊదా లేబుల్ పెట్టడంతో ఆ మోసం చాలావరకు ఆగింది. నేను ఈ వ్యాపారం మొత్తానికి వకాల్తా పుచ్చుకోవడం లేదు, ఫీజులు ఎక్కువే, వేచి ఉండే కాలం ఎక్కువే. కానీ ఆ లేబుల్ లేకుండా ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర హల్క్ 181 కొనమంటే నేను కొనను.

రుజువు మనమే ఎందుకు చూపాలి అంటే దానికీ ఒక కారణం ఉంది. 2023 చివర్లో బయటపడ్డ వ్యవహారం గుర్తుంది కదా, పెట్టె మార్చి ఇవ్వమని పంపిన స్లాబ్‌ల లోపల పుస్తకాలు మార్చేసి, పెద్ద గ్రేడ్ లేబుల్ కింద నాసిరకం కాపీలు పెట్టించారు. సీజీసీ కొన్ని వందల సర్టిఫికేట్ నంబర్లు ప్రకటించి, కోర్టుకు కూడా వెళ్లింది. అప్పటి నుంచి తెరిచిన స్లాబ్ అన్నా, గీతలు పడ్డ స్లాబ్ అన్నా ఎవరూ నమ్మే పరిస్థితి లేదు. అందుకే హల్క్_ఆస్టిన్ గారిని పెట్టె అంచులు కూడా ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోమంటున్నాను, నాలుగు వైపులా, సీలు చెదరలేదని కనిపించేలా.

ఇక నేను ముందు రాస్తానన్నది. 5.5 వాదన గెలవాల్సిన అవసరం ఎందుకు లేదంటే, మరక వాళ్ల వల్లనో దారిలోనో పడిందని తేలితే గ్రేడ్ తేడా దానంతట అదే లెక్కలోకి వస్తుంది, మరక లేకపోతే ఈ పుస్తకం ఎంత అన్న ప్రశ్న వాళ్లే వేసుకోవాలి. కానీ ఆ అంకె మీరు అనుకున్న 7.5 కాకపోవచ్చు, మనసు గట్టి చేసుకోండి. మీరు చెప్పిన స్పైన్ టిక్స్, రంగు విరిగిన మూల మడత రెండూ ప్రెస్సింగ్‌కు పోయేవి కావు. అట్ట వంపు, వేలి నొక్కులు, రంగు విరగని మడతలు సాపు అవుతాయి. రంగు ఊడిపోయి కింద తెల్ల కాగితం కనిపిస్తే ఏ ప్రెస్ దాన్ని తిరిగి తేలేదు. ఫొటోలు చూడకుండా నా అంచనా 6.5, మహా అయితే 7.0. స్టాంప్ ఉండటం మీ అదృష్టం, 181లో అది కత్తిరించిన కాపీలు కోకొల్లలు. 1974లో మార్వెల్ ఆ స్టాంపులు కత్తిరించి ఆల్బమ్‌లో అంటించమంది, పిల్లలు చెప్పినట్టే చేశారు. అది లేకపోతే లోపం ఉందని చెప్పే ఆకుపచ్చ లేబుల్ వచ్చేది, ఈ మాటలన్నీ మాట్లాడుకునే పనే ఉండేది కాదు.

హల్క్_ఆస్టిన్:

6.5 అయినా నాకు బాధ లేదు, నిజంగా. నా పుస్తకం నా దగ్గర ఉన్నట్టుగా ఉండి 6.5 వస్తే అరలో పెట్టుకుని సంతోషంగా చూసుకునేవాణ్ణి. ఇది అమ్మడానికి కొన్నది కాదు. వుల్వరీన్ మొదటి కథ, ఆ పెద్దాయన చిన్నప్పుడు దుకాణంలో కొనుక్కుని ఇన్నేళ్లు మరక పడకుండా దాచిన పుస్తకం. నా చేతికొచ్చిన ఏడాదిలో నీళ్లు తగిలాయంటే తట్టుకోలేకపోతున్నాను.

విలువ సరిగ్గానే రాశాను, తగ్గించలేదు. ప్రెస్సర్ పోస్టు క్లెయిమ్ పెట్టేశారు. పార్సెల్ తడిసిందని కంపెనీ నుంచి ఆయనకు ఎలాంటి మెసేజ్ రాలేదట, చేరింది, నమోదైంది అన్న మామూలు మెయిల్ మాత్రమే వచ్చింది, దాన్ని నాకు ఫార్వర్డ్ చేశారు.

మెయిల్ రాశాను, ఇంగ్లీషులోనే, సారాంశం ఇది. ఫలానా సర్టిఫికేట్ నంబర్ పుస్తకానికి మీరు ఇచ్చిన 5.5 సరైంది కాదు, ఇది కనీసం 7.0 పుస్తకం. మీ నోట్స్‌లో రాసిన నీటి మరక మీ ఉద్యోగుల నిర్లక్ష్యం వల్ల పడింది. జోడించిన ఫొటోలు చూడండి. మళ్లీ ఉచితంగా గ్రేడ్ చేసి, నష్టానికి పరిహారం ఇవ్వాలి. లేదంటే ఈ విషయం అన్ని చోట్లా రాస్తాను. ఎలా ఉంది?

స్పైన్‌టిక్:

అన్నా, పంపకండి. ఇందులో మూడు వాక్యాలు మీ కేసును మీరే పాడుచేసుకునేవి.

5.5 సరైంది కాదు అన్న మొదటి వాక్యం చూడగానే దాన్ని గ్రేడ్ ఫిర్యాదుల డబ్బాలో వేస్తారు, మీకు ఫోన్‌లో వచ్చిన సమాధానమే మెయిల్‌లో వస్తుంది. నిర్లక్ష్యం అన్న మాట వాళ్ల లాయర్ దగ్గరకు పంపిస్తుంది, అక్కడికి పోతే నెలలు పడుతుంది. అన్ని చోట్లా రాస్తాను అన్నది బెదిరింపు, రేపు మీరు నిజంగా మర్యాదగా రాసినా దాన్ని చూపించి మీరు మొదటి నుంచీ ఇలాగే ఉన్నారంటారు.

లాంగ్‌బాక్స్_ఎన్‌జే:

స్పైన్‌టిక్ చెప్పింది అక్షరాలా నిజం. నేనైతే ఇలా రాస్తాను, మీరు మీ మాటల్లో పెట్టుకోండి.

సర్టిఫికేట్ నంబర్ ఇది, సబ్మిషన్ నంబర్ ఇది. మీ నోట్స్‌లో వెనక అట్ట అడుగున తేమ మరక నమోదైంది. మీకు పంపిన రోజు, ప్యాక్ చేసే ముందు తీసిన ఫొటోలో ఆ చోట మరక లేదు, ఫొటో అసలు ఫైల్ జతచేశాను. ఇదే మరక ప్రస్తుతం సీలు వేసిన హోల్డర్ లోపల ఉంది, హోల్డర్ నాలుగు వైపుల ఫొటోలు జతచేశాను. కాబట్టి మూడు విషయాలు అడుగుతున్నాను. పార్సెల్ విప్పినప్పుడు పరిస్థితి గురించి మీ రిసీవింగ్ విభాగం రాసుకున్నది ఏమిటి. ఆ సమయంలో గానీ తర్వాత గానీ మీరు తీసిన ఫొటోలు, స్కాన్‌లు ఉంటే పంపగలరా. మరక ఏ దశలో మొదట గమనించారు. ఈ సమాధానాలు రాతపూర్వకంగా కావాలి.

అంతే. గ్రేడ్ మాట ఎత్తొద్దు, పరిహారం మాట ఇప్పుడే ఎత్తొద్దు, 7.0 అన్న అంకె ఎక్కడా కనిపించకూడదు. ఫొటోలు వాట్సాప్‌లో వచ్చినవి జతచేయకండి, అందులో తేదీ సమాచారం పోతుంది, ప్రెస్సర్‌ను అసలు ఫైళ్లు మెయిల్ చేయమనండి. మెయిల్ మీ పేరుతోనూ, పంపినవారిగా ప్రెస్సర్ పేరుతోనూ కలిపి పోతే మంచిది, ఎందుకంటే వాళ్ల రికార్డులో ఖాతా ఆయనది, మీరు ఎవరో వాళ్లకు తెలియదు. బహుశా మీ ఫోన్‌కు సరిగ్గా జవాబు రాకపోవడానికి అదీ ఒక కారణం.

కోస్తా_కాగితం:

ఒక్కటి కలుపుతాను. స్లాబ్‌ను నిలబెట్టే ఉంచండి, చల్లటి పొడి గదిలో. మరకను తగ్గిద్దామని ఏసీ ముందు పెట్టడం, ఎండలో పెట్టడం లాంటివి చేయకండి, మా వైపు చాలామంది చేస్తారు. సమాధానం వచ్చేదాకా పుస్తకం ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి.

హల్క్_ఆస్టిన్:

పాతది చెరిపేశాను. మీరు చెప్పినట్టు మూడు ప్రశ్నలతో రాసి, ప్రెస్సర్‌కు చూపించాను, ఆయన ఖాతా నుంచే నా పేరు కూడా కలిపి ఈ మధ్యాహ్నం పంపారు. ఫొటోల అసలు ఫైళ్లు వెళ్లాయి, పెట్టె అంచులవి కూడా. జవాబు రాగానే ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడతాను, రిసీవింగ్ వాళ్లు ఏమి రాసుకున్నారో తెలిస్తే తర్వాత పోస్టు క్లెయిమ్ ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా మీ అందరినీ అడగాలి.